ముల్లు కదిలేలోపే

అందరికీ నమస్కారం. ఈ గాజు సీసాలో ఉన్నది మా ఇంట్లోని హామ్ రేడియో యాంప్లిఫయరులో, అంటే అభిరుచి కోసం నడిపే రేడియో ప్రసారానికి బలం పెంచే పెట్టెలో, కాలిపోయిన ట్రాన్సిస్టర్. చేతులు మారుస్తూ చూడండి, మూత మాత్రం తీయకండి. పాత రకాల్లో కొన్నింటి లోపల బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు చేటు. ట్రాన్సిస్టర్ పైమూత మీద వెంట్రుకవాసి బీట కనిపిస్తోందా? జరిగిన నష్టానికి ఆనవాలు అదొక్కటే.

ఒక సంక్రాంతి మధ్యాహ్నం ఎవరి మాంజానో మా డాబా మీది డైపోల్‌కు, అంటే రెండు వైపులా తీగ చాచిన యాంటెనాకు, చుట్టుకుంది. హైదరాబాద్‌లో ఆ మూడు రోజులూ యాంటెనా దించి పెట్టుకోవాలని అప్పటికి నాకు బుద్ధి లేదు. ఒకవైపు తీగ తెగి నీళ్ల ట్యాంకు మీద పడింది. నేను కింద గదిలో మైకు నొక్కి మాట్లాడుతున్నాను. మీటరు ముల్లు లేవడం చూశాను. వేలు తీసేసరికే అంతా అయిపోయింది.

మనకు జనరల్ గ్రేడు లైసెన్సు మీద 400 వాట్లు అనుమతి. యాంటెనా సరిగా లేకపోతే పవరులో కొంత వెనక్కి తిరుగుతుంది; అదెంతో మీటరు మీద చెప్పే కొలతే ఎస్‌డబ్ల్యూఆర్. అది 3 ఉంటే 400లో నాలుగో వంతు, అంటే 100 వాట్లు వెనక్కి తిరుగుతాయి. అవన్నీ ట్రాన్సిస్టర్‌లో వేడిగా మారతాయనుకుంటే పొరపాటు. కేబుల్ పొడవును బట్టి అదే 3 ఒకరి ఇంట్లో ట్రాన్సిస్టర్ డ్రెయిన్ (పవరు బయటికొచ్చే కొస) వోల్టేజీని పెంచుతుంది, మరొకరి ఇంట్లో కరెంటును పెంచి కాలుస్తుంది. ‘మా ఇంట్లో ఏమీ కాలేదే’ అనే మిత్రుడి భరోసా అందుకే నమ్మదగింది కాదు. డేటాషీటులో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, ఎస్‌డబ్ల్యూఆర్ 65 వరకు తట్టుకుంటుందని రాసి ఉన్న ట్రాన్సిస్టర్లూ ఉన్నాయి. ఆ పరీక్ష మైక్రోసెకన్ల పల్సులతో చేసినదని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం మైకు నొక్కితే నిమిషాల తరబడి వదలం.

వానాకాలంలో మీటరే అబద్ధం చెబుతుంది. కనెక్టరులోకి నీరు దిగి, కోయాక్స్ (యాంటెనాకు వెళ్లే కేబుల్) లోపలి తీగల అల్లిక నల్లబడి, కేబుల్ 3 డెసిబెళ్లు, అంటే సగం పవరు, మింగేస్తోందనుకోండి. తిరిగొచ్చేదాన్నీ అది అలాగే మింగుతుంది. పైన యాంటెనా పూర్తిగా ఊడిపోయినా కింద మీటరు 3 మించి చూపించదు.

ఇక రక్షణ. రిలే (కరెంటుతో కదిలే స్విచ్చి) ఒక్కటే చాలదు. అది కదలడానికి పది, పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. పైగా యాంటెనాకు పవరు వెళ్తుండగా యాంటెనా రిలే తెరుచుకుంటే, పవరు తీసుకునే ఉన్న కాస్త లోడూ పోతుంది. డైరెక్షనల్ కప్లరు (వెళ్లే, తిరిగొచ్చే పవరును విడదీసి చూపే భాగం) నుంచి వెనక్కొచ్చే పవరు నమూనా తీసుకుని, అది హద్దు దాటిందా అని పోల్చే కంపారేటరుతో ముందు బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌ను పనిచేయించే వోల్టేజీ, తెంచండి. రిలే ఆ తరువాత.

డ్రైవు, అంటే యాంప్లిఫయరులోకి పంపే పవరు, సంగతీ మరవకండి. కొన్ని ట్రాన్సీవర్లు (ప్రసారం చేసే, వినే రేడియోలు) 30 వాట్లకు తగ్గించి పెట్టినా, నొక్కిన మొదటి క్షణంలో పూర్తి 100 వాట్లు చిమ్ముతాయి. ట్రాన్సిస్టర్ గేటును (డ్రైవు అందుకునే కొసను) కాల్చడానికి అంత చాలు. ఇన్‌పుట్‌లో అటెన్యుయేటరు (పవరు తగ్గించే భాగం) పెడితే ఆ పోటు తగ్గుతుంది.

ట్రిప్ అయిన సర్క్యూట్ తనంతట తాను మళ్లీ ఆన్ కాకూడదు. మా ఇంట్లో రీసెట్ బటనును యాంప్లిఫయరు వెనక, చెయ్యి అందని చోట బిగించాను. దాన్ని నొక్కాలంటే ఎలాగూ కుర్చీలోంచి లేవాలి. లేచాక డాబా ఎక్కి ఒకసారి తీగ వైపు చూసి వస్తాను.