సోడాబుడ్డి

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కింద చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. లైబ్రేరియన్ గారు పదిహేను నిమిషాలే అన్నారు. మా లెక్కలో పీరియడంటే నలభై అయిదు. చూద్దాం.

నేను చెప్పాల్సింది ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవల గురించి. 1954లో వచ్చింది. రాసిన విలియం గోల్డింగ్ కూడా బడిపంతులే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి వచ్చి, సాల్స్‌బరీలో మగపిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. 1983లో నోబెల్ వచ్చింది. విమానం కూలి కొందరు పిల్లలు ఒక దీవిలో చిక్కుకుంటారు. పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. శంఖం ఊది సభ పెట్టుకుంటారు. శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మన సభల్లో మైకుకు ఆపాటి మర్యాద లేదనుకోండి. తర్వాత వేట, మొహాలకు రంగులు, చివరికి హత్యలు.

అదుపు లేకపోతే మనిషి మృగమే అని తేల్చేస్తాం. అలా కాదని అధ్యక్షులవారు ఇందాక పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశపు కుర్రాళ్ల సంగతి ఎత్తారు. నిజమే, 1965లో ఆరుగురు పడవెక్కి పారిపోయి అటా దీవిలో పడ్డారు. ఏడాది దాటాక దొరికారు, అందరూ క్షేమంగా. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లే కట్టు కట్టారు. కానీ వాళ్లు ముందునుంచీ స్నేహితులండీ!

నవల్లో రోజర్ అనేవాడు ఒక చిన్నపిల్లాడి వైపు రాళ్లు విసురుతాడు. తగలకుండా, చుట్టూ కొన్ని గజాలు వదిలేసి. ఇల్లు, బడి, పోలీసు ఇంకా వాడి చెయ్యి పట్టుకునే ఉన్నాయి. వాడే చివర్లో బండ దొర్లించి కళ్లజోడు పిల్లాణ్ణి చంపుతాడు. ఆ కళ్లజోడుతోనే వీళ్లు నిప్పు రాజేసుకునేది. వెలుగును చెదరగొట్టే హ్రస్వదృష్టి అద్దాలతో నిప్పెలా పుడుతుందయ్యా అని మా ఫిజిక్స్ మాస్టారు గోల్డింగ్‌ను ఏకేసేవారు.

ఆ పిల్లాడి అసలు పేరు నవల్లో ఎక్కడా ఉండదు. పిగ్గీ అంటారు, పందిపిల్ల అని. ఆ పేరు ఎవరికీ చెప్పొద్దని, తర్వాత వాళ్లకు నాయకుడయ్యే ర్యాల్ఫ్‌ను బతిమాలుకుంటాడు. మనం మంచివాడనుకునే ఆ ర్యాల్ఫే అందరి ముందూ చెప్పేస్తాడు. అందరూ ఘొల్లుమంటారు. అది మొదటి సభే. అప్పటికింకా వేటా లేదు, రంగులూ లేవు.

1989. తొమ్మిదో తరగతి. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయరా అని లీడరుకు చెప్పి ఆఫీసు రూముకు వెళ్లాను. పావుగంటలో వచ్చాను. బోర్డు నిండా ఒకటే పేరు: సోడాబుడ్డి. వాడి కళ్లజోడు కిటికీ అవతల పడి ఉంది, ఒక అద్దం పగిలి. ఎవర్రా అంటే ఎవడూ నోరు విప్పడు. వరసగా అందరికీ రెండేసి దెబ్బలు వేశాను. వాడికీ వేశాను, వరసలో ఉన్నాడు కాబట్టి.

పావుగంట మాస్టారు లేకపోతే పిల్లలు ఎంత పని చేస్తారో చూడండని ఈ కథ చాలా సభల్లో చెప్పాను. ఇవాళ కాగితం మీద రాసుకొచ్చిందీ అంతవరకే.

కానీ ఆ పేరు పెట్టింది నేను. జూన్‌లో బడి తెరిచిన రోజు, “ఏరా సోడాబుడ్డీ, బోర్డు కనపడుతోందా?” అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

హాజరు నంబర్లతో పిలిచేవాణ్ణి. వాడిది 27. రాత్రంతా ఆలోచించినా అంతకుమించి గుర్తురాలేదు. వెనక గోడ దగ్గర ఆ బ్యాచ్‌వాళ్లు ఇద్దరు కనపడుతున్నారు. ఒకసారి లేవండ్రా. వాడి పేరేమిటి?