ఒక కన్ను మూసి చూడండి

అందరికీ నమస్కారం.

"చూపు మసకగా ఉంది" అంటే కంటి డాక్టర్లం మేము మొదట అడిగేది, ఏ కన్ను అని. చాలామంది చెప్పలేరు. బాగున్న కన్ను రెండోదాని లోటును కప్పేస్తుంది మరి. అందుకే కళ్ళజోడు తియ్యకుండా, ఒక కంటిని నొక్కకుండా అరచేత్తో మూసి, ఎదురుగా ఉన్న తలుపు చట్రాన్ని చూడండి. తర్వాత రెండో కంటితో.

మసకగా ఉంటే, అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం పెట్టి అందులోంచి చూడండి. తేటపడితే చాలావరకు అది సైటే, అద్దాలతో సరిపోతుంది. పెద్దవాళ్ళ కనుగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవు. ఒక్క మిల్లీమీటరు పెరిగినా మైనస్ 2.5 నుంచి 3 దాకా పవర్ వస్తుంది. నలభై దాటాక వచ్చే చత్వారం వేరు, అది కంటి లోపలి లెన్సు బిరుసెక్కడం.

శుక్లంలో ఆ లెన్సే మసకబారుతుంది. రాత్రిళ్ళు ఎదురొచ్చే బండ్ల లైట్లు చెదిరిపోతాయి. కొందరు "అద్దాల్లేకుండానే చదువుతున్నా" అని సంతోషిస్తారు. లెన్సు నడిమి భాగం గట్టిపడి మైనస్ పవర్ వచ్చిందంతే. శుక్లానికి ఆపరేషన్ ఉంది.

నాకు ఎక్కువ బెంగ నీటికాసుల గురించి, అంటే కంటి నరం దెబ్బతినే గ్లకోమా గురించి. కంటి నరంలో దాదాపు పది లక్షల పోగులుంటాయి. అవి చచ్చిపోతూ ఉంటే పక్కచూపు తగ్గుతుంది, కానీ ఎక్కడా నల్లగా కనిపించదు. ఖాళీని మెదడే పూడ్చేస్తుంది. మెట్ల దగ్గర తడబడితే చెప్పులను తప్పుపడతాం. కంటి లోపలి పీడనం మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో). ఆ లోపే ఉన్నా ఈ జబ్బు రావచ్చు, కనుక నరాన్నీ చూపించుకోవాలి. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు ఉన్నదాన్ని కాపాడుతుందే తప్ప చూపు పెంచదు, అందుకే "గుణం లేదు" అని మానేస్తారు. దయచేసి మానొద్దు. కింది రెప్పను లాగి ఒక్క చుక్క వేసి, కళ్ళు మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు అదిమి పట్టండి. రెండో మందు అయిదు నిమిషాలు ఆగి వేయండి.

షుగరున్నవాళ్ళు చూపు బాగున్నా ఏటా చుక్కలతో కంటిపాప పెద్దది చేయించి రెటీనా, అంటే కంటి వెనకుండే చూపు పొర, చూపించుకోవాలి.

ఇందాక తలుపు చట్రం వంకరగా కనిపించిందా? రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతిని ఉండొచ్చు. ఈ వారమే వెళ్ళండి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్టు ఉంటే మాత్రం రెటీనా ఊడుతుండొచ్చు. మాక్యులా ఊడకముందే ఆపరేషన్ జరిగితే నడిమి చూపు దక్కే అవకాశం చాలా ఎక్కువ. తెల్లారేదాకా ఆగకండి.