దుప్పిని ఉరికించొద్దు

శ్రోతలకు నమస్కారం.

మేడారం జాతరకు పోయినవాళ్లందరికీ తెలిసిన దారే. వరంగల్ నుంచి ములుగు మీదుగా పోయే 163వ జాతీయ రహదారి. పస్రా దాటితే రెండు పక్కలా ఏటూరునాగారం అడవి. 1950ల మొదట్లోనే అభయారణ్యంగా ప్రకటించిన అడవి.

నాలుగేండ్ల కింద, అటువైపే మా చుట్టాల ఊరి దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పొదలు పోయినయి. దుప్పులు వాగుకు దిగే బాట మీద మట్టికుప్ప పడ్డది. రాత్రంతా జేసీబీల చప్పుడు. ఒకరోజు పొద్దున్నే ఒక ఆడదుప్పి, దూపతోనో బెదిరో, మిర్చి ఆరబోసిన కల్లంలోకి వచ్చింది.

పోరగాళ్లు ఉరికించారు. కుక్కలు ఉరికించినయి. ఊరి చుట్టూ మూడు తిప్పులు తిరిగి కంచెకు తగులుకుని పడ్డది. కాళ్లు కట్టి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. పాపం, మంచిమనసుతోనే! ఒకామె చెంబుతో నోట్లో నీళ్లు పోసింది. నేను పక్కటెముకల మీద చెయ్యి పెట్టిన. పొయ్యి మీది పెనంలా కాలుతున్నది. అటవీశాఖ సిబ్బంది వచ్చేసరికి ప్రాణం పోయింది. ఒంటి మీద గాయం లేదు. గాయమే లేదు!

పశువుల డాక్టరు చెప్పారు: భయంతో అంతసేపు ఉరికితే దుప్పి కండరాలు లోపల్నే చితికిపోతయట. ఆ విషం రక్తంలో కలిసి గుండె, మూత్రపిండాలు ఆగిపోతయి. ఒక్కోసారి పట్టుకున్న రెండు మూడు రోజులకు కూడా చచ్చిపోతుందట. ఆ ఊళ్లో ఎవరికీ దాన్ని చంపాలని లేదు. నాకిప్పటికీ అదే బాధ.

రోడ్లు వద్దని నేననను. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ రహదారినే తీసుకోండి. నాగపూర్ అవతల పెంచ్ అడవిలో దాన్ని స్తంభాల మీదికి లేపి, కింద జంతువులకు దారి విడిచారు. ఒకచోట ఆ దారి 750 మీటర్ల వెడల్పు. పులులు కూడా దానికిందనే నడుస్తున్నయి. మన దగ్గరా నక్షా గీసిన రోజే ఆ దారి గీయాలి. అది ఇంజినీర్ల పని.

మన చేతిలో ఉన్నది ఒక్కటే. దుప్పి ఊళ్లోకి వస్తే ఉరికించొద్దు. కుక్కల్ని కట్టెయ్యండి, పిల్లల్ని లోపలికి పిలవండి, అడవి దిక్కు ఖాళీగా విడిచిపెట్టండి. ఫొటోలకు ఎగబడొద్దు. చీకటి పడేదాకా ఓపిక పట్టండి, దానంతటదే పోతుంది. బావిలో పడితేనో, కంచెలో చిక్కితేనో అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. నంబరు లేకపోతే 112కు ఫోన్ చెయ్యండి. ఎలుగుబంటి అయితే దగ్గరికే పోవద్దు. దుప్పి లేవలేక పడి ఉంటే, సిబ్బంది వచ్చేదాకా కళ్ల మీద ఒక తువ్వాల కప్పండి. చూపు ఆగితే దాని బెదురు తగ్గుతుంది. కొమ్ములున్న మగదుప్పి అయితే అదీ చెయ్యొద్దు, దూరంగానే ఉండండి. నోట్లో మాత్రం నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతయి.

సెలవు.