జాలీ తివాచీ వేశాక గది ఇరుకనిపిస్తోందా?

నమస్తే అండీ. జాలీ డిజైన్, అంటే కంతల కిటికీలా గీతలు అల్లుకున్న తివాచీ వేస్తే గది ఇరుకైపోతుందని ఎవరైనా అంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. తప్పు తివాచీది కాదు, దాని చుట్టూ మనం పోగేసిన గీతలది.

ముగ్గు గుర్తు చేసుకోండి. కళ్లాపి చల్లిన మట్టి వాకిట్లో మెలికల ముగ్గు ఎంత కళగా ఉంటుంది! అదే ముగ్గు టైల్స్ మీద వేస్తే ఏది ముగ్గు గీతో, ఏది టైల్స్ అతుకో కంటికి తేలదు. జాలీ అందం గీతలో సగం, మధ్యలో వదిలిన ఖాళీలో సగం. హైదరాబాద్‌లో పైగా వంశపు ప్రభువుల సమాధుల దగ్గర ఆ రాతి జాలీల ముందు కాసేపు నిలబడండి. వెలుగొచ్చేది ఆ కంతల్లోంచే కదా.

ఇప్పుడు మీ హాలు చూడండి. రెండడుగుల టైల్స్ అంటే నేలంతా ముందే గళ్లు. దాని మీద మళ్లీ నిలువు, అడ్డం గీతల గళ్ల తివాచీ పరిస్తే ముగ్గు మీద ముగ్గు వేసినట్టే. అందుకే ఏటవాలు గీతల జాలీ తీసుకోండి.

[దగ్గరి షాట్]
ఇది వరంగల్ జంపఖానా. 2018లో జీఐ, అంటే ఆ ఊరి పేరుకు రక్షణనిచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. ఈ ఏటవాలు గీత చూడండి, దగ్గర్నుంచి అన్నీ మెట్లే! కొన్ని వరసలకోసారి రంగు పేక, అంటే అడ్డం పోగు, ఒకటి రెండు పడుగు (నిలువు) పోగులు పక్కకు జరుగుతూ పోయింది. రెండు రంగులు ఒకే చోట నిలువునా ఆగిపోతే అక్కడ చీలిక పడుతుంది, లేదంటే రెండు పేకల్నీ మెలేసి కలపాలి. మెట్లుగా జరిగితే చీలిక పెరగదు. ఏటవాలు గీత మగ్గానికి అనువైన దారి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

చిన్న గదికి చిన్న గళ్లే బాగుంటాయంటారు. నేనొప్పుకోను. ఇరుకు వాకిట్లో ఇరవై చుక్కల ముగ్గు ఇరికించం, చుక్కలు తగ్గిస్తాం. ఇక్కడా గళ్లు తక్కువ, ఖాళీలు పెద్దవి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సోఫా ముందు కాళ్లు తివాచీ మీదకు రావాలి. కర్టెన్లు, కుషన్లు ప్లెయిన్‌గా ఉంచండి. చెక్క జాలీ పార్టిషన్ ఉంటే ఎదురు గోడ ఖాళీగా వదలండి, వెనక దీపం పెడితే నీడే ముగ్గవుతుంది. జంపఖానా రెండు వైపులా వాడొచ్చు, అప్పుడప్పుడు తిరగేయండి. నున్నటి టైల్స్ మీద జారుతుంది కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు జారని మ్యాట్ కొనండి, తర్వాతే తివాచీ.