30తోనా, 26తోనా?

(ఊహా దేశాలను కల్పించే రచయితలు, ఆటల రూపకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభకు నమస్కారం. మిగతా మర్యాదలన్నీ అయిపోయాయనుకోండి. నాకిచ్చింది పావుగంట.

ఊహా దేశానికి మీరు పటం గీస్తారు, జెండా కుడతారు, రాజుగారి ఏడు తరాల పేర్లూ రాస్తారు. కూలి దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కతో సరి: "కనీస వేతనం 7,800 వరహాలు". దేనికండీ? నెలకా? అది ఎన్ని రోజుల నెల? రోజుకెన్ని గంటల పని? వారపు సెలవుకి కూలి ఉందా, లేదా? ఇవేవీ చెప్పకపోతే ఆ అంకెను ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకుంటారు.

అంకె ఎలా తేలిందో కూడా రాయండి. 1957లో 15వ భారత కార్మిక సదస్సు సంపాదించే మనిషికి 3 వినియోగ యూనిట్ల (ఒక పెద్ద మనిషి వాడకం ఒక యూనిట్) కుటుంబం అని లెక్క వేసింది. తిండి కేలరీల్లో, బట్ట ఏడాదికి 72 గజాలు, ఆపైన ఇంటి అద్దె, వంటచెరకూ దీపం వగైరాలకు మొత్తం వేతనంలో 20 శాతం. చాలదని మీరనొచ్చు. గజాల్లో రాశారు గనక ఎన్ని గజాలు చాలవో చెప్పి మరీ పోట్లాడొచ్చు. మీ పౌరులకూ ఆ వీలు ఉంచండి.

సరే, అసలు నా బాధ 26 దగ్గర. వారానికో సెలవు తీసేస్తే నెలకు పనిదినాలు సుమారు 26. 7,800ని 26తో భాగిస్తే రోజుకు 300. 30తో భాగిస్తే 260. నెల జీతం పూర్తిగా చేతికొచ్చినన్నాళ్లూ ఈ తేడా కనబడదు. ఒక మనిషి రెండు రోజులు నాగా పెట్టి, పది గంటలు ఓవర్‌టైమ్ చేశాడనుకోండి. రోజుకు 8 గంటలు, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు. అంతా 26తో లెక్కిస్తే చేతికి 7,950. అంతా 30తో అయితే 7,930. ఇంతేనా అనకండి. గుమాస్తా కోత వేసేటప్పుడు 26తో భాగిస్తాడు, 600 పోయాయి. ఓవర్‌టైమ్ కట్టేటప్పుడు 30తో భాగిస్తాడు, 650 వచ్చాయి. చేతికి 7,850. రెండు లెక్కలూ విడివిడిగా సబబుగానే కనిపిస్తాయి. ఏ అంకెతో భాగించాలో చట్టం చెప్పలేదు మరి!

రోజుకూలీ సంగతి ఇంకా ఘోరం. 260 చొప్పున 26 రోజులకు 6,760. నాలుగు సెలవుల కూలి 1,040 గాలికి పోయింది. వెనక వరుసలో వాళ్లు కూడా రాసుకోండి: భాగించే అంకె చట్టంలోనే ఉండాలి, కోతకీ ఓవర్‌టైమ్‌కీ ఒకటే ఉండాలి.

ముక్కకూలి, అంటే చేసిన వస్తువుల లెక్కన ఇచ్చే కూలి. రోజుకు 300 అని చెప్పి ముక్కకు 5 పెడతారు. చెయ్యి తిరిగినవాడు 60 ముక్కలు చేస్తాడు, 300 వస్తుంది. మామూలు చేతికి 45 అవుతాయి, అంటే 225. రేటును మామూలు చేతి వేగంతోనే కట్టాలి. అప్పుడు ముక్కకు 6.67 అవుతుంది. దారం తెగినా, సరుకు రాక కూర్చున్నా ఆ సమయాన్ని కూడా కలపాలి. పైగా ఎన్ని ముక్కలైనా రోజుకూలి 300కి తగ్గకూడదనే వాక్యం ఒకటి కావాలి.

కోతల గురించి ఒక్క మాటే: యూనిఫారం, విరిగిన పనిముట్టు, బస. వీటికి హద్దు రాయకపోతే కనీస వేతనం చీటీ మీదే ఉంటుంది.

ధరలు మరిచిపోకండి. ఏటా 6 శాతం పెరిగితే ఐదేళ్లకు మీ 300 ఇవాళ్టి 224 పాటి అవుతుంది. అమెరికా సమాఖ్య కనీస వేతనం 1938లో గంటకు 25 సెంట్లతో మొదలైంది. దాన్ని ధరలతో ముడిపెట్టలేదు. అక్కడి చట్టసభ కాంగ్రెస్ చట్టం చేస్తేనే పెరుగుతుంది, 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగింది. మీ దేశంలో ఏ ధరల సూచీతో, ఏ నెలలో పెంచాలో తేదీతో సహా రాయండి.

తనిఖీ అధికారులు, జరిమానాలు... గంట కొట్టారు, వాటిని వదిలేస్తున్నా. మీ చట్టాల ప్రతులు తీయండి. 30 అనో 26 అనో ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించండి. ముందు వరుసతో మొదలుపెడదాం. మీది ఏ దేశమండీ?