మా జాగాలో ఎవరిదో కారు, తమ్ముడి చేతిలో క్లాంపు

నమస్కారమండీ. ఇంగ్లండు నుంచి సెలవులకు తిరుపతి వచ్చాను కాబట్టి కొండ వీడియోలు పెట్టమని చాలామంది అడుగుతున్నారు గానీ, ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న చర్చంతా పార్కింగు గురించే. కపిలతీర్థం రోడ్డుకు దగ్గరలో, ఇంటిని ఆనుకుని మా నాయన కొన్న నలభై అంకణాల జాగా ఖాళీగా ఉంది. అలిపిరి మెట్లెక్కే భక్తులు కొందరు బళ్లు అందులో పెట్టేసి కొండకు వెళ్లిపోతున్నారు. మీకిప్పుడు కనిపిస్తున్న తమిళనాడు కారు నిన్న సాయంత్రం నుంచి ఇక్కడే ఉంది. తమ్ముడు విసిగిపోయి చెన్నై నుంచి పసుపు రంగు వీల్ క్లాంపు తెప్పించాడు. దాని రెండు దవడల మధ్య టైరును ఇరికించి, గుండ్రటి రేకును చక్రం బోల్టులకు అడ్డంగా జరిపి తాళం వేస్తే ఇక బండి కదలదు. "విడిపించడానికి ఐదొందలు అడుగుదామక్కా, మీ ఇంగ్లండులో ఎంత తీసుకుంటారు?" అని అడిగాడు.

అక్కడ ఒక్క పెన్నీ కూడా తీసుకోకూడదు, ఎందుకంటే చక్రానికి తాళం వేయడమే నేరం. 2012 నాటి స్వేచ్ఛల పరిరక్షణ చట్టంలోని 54వ సెక్షను ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, ఇంగ్లండులోనూ వేల్స్‌లోనూ చట్టబద్ధమైన అధికారం లేనివారెవరూ ప్రైవేటు స్థలంలో ఆగిన బండికి క్లాంపు వేయకూడదు, లాక్కెళ్లకూడదు. రోడ్డు పన్ను కట్టని బండికి ప్రభుత్వ వాహన శాఖ, అంటే డీవీఎల్‌ఏ వేయించే క్లాంపు వేరే సంగతి. స్కాట్లాండు కోర్టు ఇంకా ముందే, 1992లోనే, క్లాంపు వేసి డబ్బు గుంజడం బెదిరింపు వసూలుతో పాటు దొంగతనం కూడా అని తేల్చేసింది.

ఇది విని తమ్ముడు "అయితే అక్కడ ఎవడి జాగాలో ఎవడైనా పెట్టుకోవచ్చా?" అన్నాడు. అంత సుఖమేమీ లేదు. చక్రాన్ని వదిలేసిన చట్టమే ఉత్తరం ద్వారా వసూలు చేసుకునే దారిని పార్కింగు కంపెనీలకు చూపించింది. కెమెరా బండి నంబరును చదువుతుంది, కంపెనీ డీవీఎల్‌ఏకు రెండున్నర పౌండ్లు కట్టి యజమాని చిరునామా తెచ్చుకుంటుంది, పద్నాలుగు రోజుల లోపల నోటీసు గడపలో పడుతుంది. పౌండును నూట పదిహేను రూపాయలుగా లెక్కేస్తే, మన ఇల్లెక్కడో చెప్పినందుకు ప్రభుత్వానికి ముట్టేది మూడు వందల లోపే, మన దగ్గర అడిగేది మాత్రం వంద పౌండ్ల వరకు, అంటే పదకొండు వేల ఐదు వందలు. త్వరగా కడితే అరవై పౌండ్లతో వదులుతారు. చేపల వేపుడు దుకాణం నడిపే ఒకాయన, చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటలు ఉచితమన్న చోట మరో యాభై ఆరు నిమిషాలు కారు ఉంచినందుకు వచ్చిన ఎనభై ఐదు పౌండ్ల నోటీసు మీద సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2015 నవంబరులో ఓడిపోయారు.

నాకు చిరాకు తెప్పించేది ఈ తేడానే. కెమెరాలు పెట్టుకోగల సూపర్‌మార్కెటుకు దారి ఉంది గానీ, మా నాయన లాంటి ఇంటి యజమానికి అక్కడ దాదాపు ఏమీ లేదు. విమానాశ్రయాల దగ్గర ఉండేవారి ఇళ్ల ముందు, సొంత కారు నిలుపుకునే జాగాలోనే, ఎవరో ముక్కూముఖం తెలియని ప్రయాణికులు బండి వదిలి విమానమెక్కిన సందర్భాలున్నాయి. పోలీసులకు ఫోన్ చేస్తే అది సివిల్ వ్యవహారమంటారు, కారు రోడ్డు మీద లేదు కాబట్టి కౌన్సిలు కూడా చేతులెత్తేస్తుంది. కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకునేలోపు ఆ పెద్దమనిషి స్పెయిన్ నుంచి తిరిగొచ్చి తన కారు తాను తీసుకుపోతాడు.

ఇక్కడి సంగతి వేరు. ఇప్పుడే చందనం పూసిన గుండ్లతో ఆ కుటుంబం మెట్లదారి నుంచి వచ్చింది. తమ్ముడు క్లాంపు పట్టుకుని బయలుదేరేలోపే అమ్మ వాళ్లకు చెంబుతో నీళ్లిచ్చింది, వాళ్లావిడ మాకు లడ్డూ ప్రసాదం పెట్టింది, పిల్లవాడు మా బాత్రూము కూడా వాడుకున్నాడు. లెస్టర్‌లో మేముండే వీధిలో ఇన్నాళ్లూ నా తలుపు తట్టి నీళ్లడిగినవారు ఒక్కరూ లేరన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. సరే, అది వదిలేద్దాం.

నాయనకు నచ్చిన విషయం ఒకటే, అది కూడా ఆ 54వ సెక్షనులోనే ఉంది. బండి పెట్టేటప్పటికే అక్కడ స్థిరమైన అడ్డుకట్ట ఉండి, అది తెలిసీ డ్రైవరు లోపల నిలిపితే, తరువాత దాన్ని మూసినా నేరం కాకపోవచ్చు. చట్టానికి కోపం క్లాంపు మీదే గానీ గేటు మీద కాదు. అందుకే అక్కడ చాలా ఇళ్ల ముందు మడిచి పడుకోబెట్టే ఇనుప స్తంభాలు కనిపిస్తాయి. "అయితే రెండు రాతి కూసాలు పాతి గొలుసు కడదాం" అని నాయన అప్పుడే కూసాలు అమ్మే అతనికి ఫోన్ చేశారు. తాళంచెవి అమ్మ దగ్గర ఉంటుందని తేలడంతో, చంటిబిడ్డతో ఎవరొచ్చి అడిగినా ఆ గొలుసు తెరుచుకుంటుందని తమ్ముడు ఇప్పటి నుంచే గొణుగుతూ, క్లాంపు వాపసు తీసుకుంటారేమోనని చెన్నై దుకాణానికి ఫోన్ చేస్తున్నాడు.