గెలిచినవాళ్ల చేతే నోటు రాయించుకున్నారు: హైతీ అప్పు కథ

నమస్తే అండీ. జనవరి 1న కరీబియన్ సముద్రంలోని హైతీ దేశంలో ఇంటింటా పొయ్యి మీద గుమ్మడికాయ సూప్ ఉడుకుతూ ఉంటుంది. సూప్ జూమూ అంటారు. మన పులుసులా కాదు, గొడ్డు మాంసం, క్యారెట్, క్యాబేజీ అన్నీ పడతాయి. ఫ్రెంచి దొరల కాలంలో దీన్ని వండింది బానిసలు, తాగింది దొరలు అని అక్కడ చెప్పుకుంటారు. 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు కదా, అందుకే ఆ రోజు ఈ సూప్ తాగాల్సిందే.

ఆ దేశం పాత పేరు సాన్ దొమింగ్. చెరకు, కాఫీ తోటల్లో దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికన్ బానిసలు. చచ్చినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని ఓడల్లో దించేవారు. 1791 ఆగస్టులో తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు తూసాఁ లూవెర్చూర్‌ని ఫ్రెంచివాళ్లు మాటలకని పిలిచి పట్టుకున్నారు. 1803లో ఫ్రాన్స్ కొండకోటలో చలికి, జబ్బుకి చనిపోయాడు. అయినా యుద్ధం ఆగలేదు. అదే ఏడాది నవంబర్‌లో వెర్టియేర్ దగ్గర, తూసాఁ తర్వాత నాయకుడైన దెసలీన్ సేన నెపోలియన్ సైన్యాన్ని ఓడించింది. కొత్త దేశానికి పేరెక్కడ తెచ్చారో తెలుసా? స్పెయిన్ వాళ్లు వచ్చాక దాదాపు తుడిచిపెట్టుకుపోయిన తైనో అనే అక్కడి ఆదివాసుల మాట, అయితి. కొండల నేల అని అర్థం. నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క ఇదే.

ఇక అసలు విషయానికొద్దాం. 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలతో మనిషిని పంపాడు. మీ దేశాన్ని గుర్తిస్తాం, బదులుగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అన్నాడు. ఎవరికి? తోటలు, ‘ఆస్తి’ పోగొట్టుకున్న దొరలకి! ఆ ఆస్తిలో ఒకప్పటి బానిసలైన ఈ మనుషులూ ఉన్నారండీ. ఫిరంగులు ఎదురుగా ఉంటే హైతీ అధ్యక్షుడు బోయే ఏం చేస్తాడు, ఒప్పుకున్నాడు.

మొదటి వాయిదా 3 కోట్లు. ఖజానాలో అంత లేదు. పారిస్ బ్యాంకర్లే 3 కోట్లు అప్పిచ్చారు, కానీ చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలే. మన ఊళ్లో వడ్డీ వ్యాపారి ముందే పట్టుకుని మిగతాది ఇస్తాడే, అచ్చం అలాగే. అంటే దొరలకొక అప్పు, బ్యాంకులకొక అప్పు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించారు. అయినా భారం పడింది కాఫీ పండించే రైతు మీదే. అప్పు మీద అప్పు పెరిగి, దాని తోక 1947 దాకా సాగింది. మధ్యలో 1914లో అమెరికా నౌకాదళం 5 లక్షల డాలర్ల బంగారం హైతీ బ్యాంకులోంచి న్యూయార్క్‌కి పట్టుకుపోయింది. మరుసటి ఏడాది దేశాన్నే ఆక్రమించి 1934 దాకా కూర్చుంది.

2003లో హైతీ అధ్యక్షుడు అరిస్తీద్ లెక్క కట్టి 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగివ్వమని ఫ్రాన్స్‌ని అడిగాడు. మరుసటి ఏడాది పదవే పోయింది. 2025 ఏప్రిల్ 17కి ఆ అప్పుకి సరిగ్గా 200 ఏళ్లు. ఆ రోజు ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ ఏం ప్రకటించాడంటే... చరిత్రకారులతో ఒక కమిటీ!